బాయికాడ లేని మీటరు

బోధన్ దగ్గరి రుద్రూర్ దాటి పొలాల్లోకి దిగితే ప్రతి బోరు పక్కనా ఒక ఇనుప పెట్టె కనిపిస్తుంది. తలుపు తీస్తే లోపల స్టార్టర్ ఉంటుంది, ఫ్యూజులుంటాయి, పచ్చ మీటా ఎర్ర మీటా ఉంటాయి. కరెంటు మీటరు మాత్రం ఉండదు. ఊళ్లో ఇంటి గోడకు మీటరుంది, కిరాణా దుకాణానికుంది, పిండిగిర్నీకుంది. ఒక ఇంటికంటే ఎన్నో రెట్లు కరెంటు తాగే బాయి మోటరుకే లేదు. కరెంటు ధర మన దగ్గర ఎట్లా మారుతూ వచ్చిందో చెప్పాలంటే ఆ లేని మీటరు నుంచే మొదలుపెట్టాలి.

కరెంటు రాకముందు నీళ్లు తోడే ఖర్చు కళ్ల ముందే ఉండేది. మోట కొట్టే ఎడ్లు ఎంత మేత మేశాయో రైతుకు తెలుసు. ఆయిల్ ఇంజన్ వచ్చాక ఎన్ని లీటర్లు పోశాడో తెలుసు. లాంతరులో కిరోసిన్ ఎంత తగ్గిందో ఇంటి ఆడవాళ్లకు తెలుసు. తీగలో వచ్చే కరెంటు అట్లా కంటికి ఆనదు, సీసాలో పట్టలేం, తక్కెడలో తూచలేం. 1882లో న్యూయార్క్‌లో దీపాలు వెలిగించిన ఎడిసన్‌కు ఎదురైన చిక్కు ఇదే. ఆయన దాన్ని నిజంగానే తక్కెడతో విప్పాడు. జింకు ద్రావణంలో జింకు పలకలు ముంచి, వాడిన కరెంటులో కొంత భాగాన్ని వాటి గుండా పోనిచ్చేవాడు. నెల తిరగ్గానే మనుషులు వచ్చి పలకలు తీసుకెళ్లి, బరువులో వచ్చిన మార్పును బట్టి బిల్లు వేసేవారు. లెక్క సరైనదే అయినా వాడుకున్నవాడు తన ఇంట్లో దాన్ని చూసుకోలేడు. కంపెనీ ఎంతంటే అంత అని నమ్మాల్సిందే.

ఆ లోటును తీర్చింది తిరిగే చక్రం. బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీలో పనిచేసే ఒట్టో బ్లాతీ అనే ఇంజనీరు 1889లో అయస్కాంత బలంతో తిరిగే మీటరుకు పేటెంటు తీసుకున్నాడు. మొదటి మీటరు చెక్క దిమ్మె మీద బిగించి ఉండేది, బరువు 23 కిలోలు. రేకు చక్రం వాడకాన్ని బట్టి వడిగానో మెల్లగానో తిరుగుతుంది, దాని చుట్లే యూనిట్లుగా నమోదవుతాయి. మన ఇళ్లలో మొన్నమొన్నటిదాకా తిరిగిన చక్రం దాని వారసత్వమే. అద్దం వెనక చక్రం అంచున ఒక గుర్తు ఉండేది. బల్బు ఒక్కటే వెలిగితే అది నింపాదిగా వచ్చి పోయేది, ఇస్త్రీపెట్టె పెట్టగానే గిర్రున తిరిగేది. చదువు రాని అమ్మ కూడా అది చూసి "ఇగ చాలు, తియ్యి" అనేది. పేదింటికి మీటరు చేసిన మేలు అది.

మన బోధన్ ప్రాంతంలోనైతే ఊళ్లకు కరెంటు లైన్లు రాకముందే ఇంధనం చెరకులో దొరికేది. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది, కాలువల కింద చెరకు పెరిగింది, 1937 ప్రాంతంలో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. రసం తీయగా మిగిలిన పిప్పే బాయిలర్ల పొయ్యికి కట్టె.

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడి ఊళ్లకు లైన్లు లాగాక, బాయికాడ మోటర్లకూ మీటర్లే పెట్టారు. చెరో పొలంలో చెరో మోటరు. రీడింగ్ తీసే మనిషి గట్ల వెంట నడవాలి, వానకు తడిసిన మీటరును సరిచేయాలి, మీటరు తప్పు తిరుగుతోందన్న రైతుతో వాదించాలి. రైతుకూ అది పోరే. పంట చేతికి రాకముందే బిల్లు వచ్చేది. బోర్డుకు ఖర్చు తగ్గాలి, రైతుకు బాధ తప్పాలి అన్న రెండు కోరికలూ కలిసి స్లాబ్ పద్ధతిని తెచ్చాయి. యూనిట్ లెక్క పోయి హార్స్‌పవర్ లెక్క వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఏడాదికి హార్స్‌పవర్‌కు 50 రూపాయలు అంది.

లెక్క వేసి చూడండి. అయిదు హార్స్‌పవర్ల మోటరుకు ఏడాదికి 250 రూపాయలు. ఆ మోటరు గంటకు సుమారు 4 యూనిట్లు తీసుకుంటుంది. రోజుకు 7 గంటల చొప్పున 100 రోజులు నడిస్తే 2,800 యూనిట్లు. యూనిట్‌కు 9 పైసలు పడ్డట్టు. రెట్టింపు నడిపినా అదే 250. ధర అంతా మోటరు పలక మీది అంకెలోకి చేరింది. "ఎన్ని హెచ్‌పీ?" అని లైన్‌మన్ అడిగితే "మూడే సారు" అనే జవాబు, అయిదుది ఉన్న చోట కూడా, పల్లెల్లో మామూలైంది.

ఆ తప్పుడు లెక్క ఎక్కడ తేలుతుందో మోటరు వైండింగ్ దుకాణం ముందు కూర్చుంటే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు రాసిన లోడ్ ఒకటి, పడే లోడ్ ఇంకొకటి. వోల్టేజీ పడిపోతుంది, మోటరు ఎక్కువ కరెంటు గుంజుతుంది, వైండింగ్ కాలుతుంది. విప్పిన మోటరులోంచి నల్లబడ్డ రాగి తీగ చుట్టలుగా బయటికి వస్తుంటే, పక్కన నిలబడ్డ రైతు ఎండుతున్న మడిని తలచుకుని మాట్లాడకుండా చూస్తుంటాడు. బిల్లులో తగ్గిన రూపాయి ఇక్కడ పోతుంది. దీన్ని ఏ టారిఫ్ పట్టికా చూపదు.

తర్వాతి మలుపులు అందరికీ గుర్తున్నవే. 1999లో బోర్డును విడగొట్టారు. 2000లో చార్జీలు పెంచితే రాష్ట్రమంతా కదిలింది, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీదే పెట్టారు. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది, రాత్రిపూట పాముల భయంతో బాయికాడికి నడిచే గతి తప్పింది. ఇంటి కరెంటు దారి వేరు. 50 యూనిట్ల లోపు వాడే ఇంటికి యూనిట్ 1.45 రూపాయలు ఉన్నది 2022లో 1.95 అయింది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. కానీ ఆ ఇంటికి మీటరు ఉంది, సున్నా బిల్లు మీద కూడా వాడిన యూనిట్లు అచ్చవుతాయి.

ఉచితం తప్పని నేననను. కాలువ కింది రైతుకు నిజాంసాగర్ నీళ్లు పల్లానికి వాటంతటవే వస్తాయి, బోరు రైతు ప్రతి చుక్కనూ పైకి లాగాలి. వాళ్లిద్దరి మధ్య తేడాను ప్రభుత్వం భరించడం న్యాయం. పోగొట్టుకున్నది కొలతను. ఇవాళ్టికీ కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు పెట్టిన మీటర్లను బట్టే సేద్యానికి ఎన్ని యూనిట్లు పోయాయో అంచనా కడుతున్నారు. మీటరు అనగానే రైతుకు భయం వేయడానికి కారణముంది, దాని వెనకే బిల్లు వస్తుందని. వాడకం తెలియడానికే తప్ప వసూలుకు కాదని చట్టంలో రాసిస్తే ఆ భయం తగ్గుతుంది.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. 2004 తర్వాత ఉచిత కరెంటుకు షరతులుగా లైను మీద భారం తగ్గించే కెపాసిటర్, ఐఎస్ఐ మోటరు, మంచి ఫుట్‌వాల్వు, సరైన పైపు పెట్టమన్నారు. చాలా బాయిల దగ్గర అవి కాగితం మీదే ఉండిపోయాయి. ఈ యాసంగి నాట్లకు ముందు మీ స్టార్టర్ పెట్టె ఒకసారి తెరిచి చూడండి. అయిదు హార్స్‌పవర్ల మోటరుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ సరిపోతుంది. లేకపోతే పెట్టించండి, ఉండి చెడిపోతే మార్పించండి.