ప్రకటనలో లేని సంతకాలు

మా పుట్టింటిని అమ్మకానికి పెట్టిన సంగతి నాకు ఫోన్లోనే తెలిసింది. "అమ్మా, ఇది అమ్మమ్మ వాళ్ళ ఇల్లే కదా?" అంటూ నా కూతురు ఒక ప్రకటన పంపింది. మెట్‌పల్లిలో ఇండిపెండెంట్ హౌస్. రెండు వందల గజాలు. తూర్పు ముఖం. కింద మూడు గదులు, పైన రెండు. బోరు ఉంది. మెయిన్ రోడ్డుకు దగ్గర. క్లియర్ టైటిల్. కింద ఆరు ఫొటోలు. ఆ ఫొటోల్లో ఇల్లు ఖాళీగా, శుభ్రంగా, ఎప్పుడూ ఎవరూ బతకనట్టుగా ఉంది.

రెండు రోజులకు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఇల్లు అమ్ముతున్నం. పార్టీ కూడ వచ్చింది. నువ్వూ చెల్లే వచ్చి ఒక్క సంతకం పెట్టిపోతే అయిపోతది" అన్నాడు. ఒక్క సంతకం! అంత చిన్న పనికి అంత బతిమాలుతున్న గొంతు ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ ప్రకటనను మళ్ళీ చదివాను, ఈసారి అందులో లేనివాటి కోసం.

తూర్పు ముఖం అనేది కొనేవాళ్ళకు వాస్తు. మాకు అది పొద్దటి వెలుతురు. మా అమ్మ గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, వంటకూ పిల్లలకూ మధ్య దొరికిన ప్రతి నిమిషాన్నీ బీడీలుగా మార్చేది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో, పట్టణాల్లో వేల ఇళ్ళ గడపలు ఇలాంటి పని స్థలాలే. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగా గుర్తించింది. 1976లో వాళ్ళ సంక్షేమ నిధికి చట్టం వచ్చింది. ఇంట్లో మాత్రం అమ్మది 'ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని'. ఆమె ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

పై అంతస్తు 1994లో లేచింది. అప్పటికి తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు. 1970ల చివరి నుంచీ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుంచి మగవాళ్ళు గల్ఫ్‌కు పోతూనే ఉన్నారు. ఈ ఊళ్ళలో స్లాబు పడ్డ ఇళ్ళ చరిత్ర రాస్తే సగం ఎడారిలోనే రాయాలి. మిగతా సగం ఇక్కడ ఉండిపోయిన ఆడవాళ్ళది. సిమెంటు బస్తాలు లెక్కపెట్టింది అమ్మ. గోడలకు పొద్దున్నా సాయంత్రం నీళ్ళు కొట్టింది మరదలు. మెట్లకు డబ్బు చాలకపోతే అమ్మ తన బీడీ పీఎఫ్ తీసి ఇచ్చింది. ఊళ్ళో మాత్రం దాన్ని 'దుబాయోళ్ళ ఇల్లు' అన్నారు.

ఇవన్నీ జ్ఞాపకాలు, కొనేవాళ్ళకు వీటితో ఏం పని అనవచ్చు. నిజమే. కానీ చివరి మాట, 'క్లియర్ టైటిల్', జ్ఞాపకం కాదు. దాని మీద నమ్మకంతోనే ఎవరో జీవితకాలపు పొదుపు తెచ్చి పెడతారు. ఆ మాటకూ ఒక చరిత్ర ఉంది. అది ముఖ్యంగా ఆడవాళ్ళను పక్కకు తప్పించిన చరిత్ర.

1956లో హిందూ వారసత్వ చట్టం కూతురిని తండ్రి ఆస్తికి వారసురాలిని చేసింది. అయితే ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే ఉంచింది. ఇంటి విషయంలో మరో మెలిక పెట్టింది. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, కుటుంబం ఉంటున్న ఇంట్లో కూతురికి వాటా ఉన్నా, మగ వారసులు పంచుకోవాలని అనుకునేదాకా ఆమె పంపకం అడగడానికి వీల్లేదు. ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్ళి కానిదానికో, భర్త వదిలేసినదానికో, భర్త నుంచి విడిపోయినదానికో, విధవకో మాత్రమే. అంటే కాపురం చెడితేనే పుట్టింట్లో చోటు! ఈ సెక్షన్ సుమారు 50 ఏళ్ళు బతికింది.

అదే చట్టం 14వ సెక్షన్‌తో స్త్రీకి తన చేతిలో ఉన్న ఆస్తిపై సంపూర్ణ హక్కు ఇచ్చింది. దాని అర్థం తేలడానికి ఒక తెలుగు విధవ సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. వడ్డెబోయిన తులశమ్మకు 1949లో మరిదితో రాజీలో మనోవర్తి కింద కొంత ఆస్తి వచ్చింది, బతికినన్నాళ్ళు అనుభవించడానికి మాత్రమే. 1960, 61లలో ఆమె అందులో కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. ఆ హక్కు ఆమెకు లేదని మరిది దావా వేశాడు. 1977లో సుప్రీంకోర్టు ఆ ఆస్తి పూర్తిగా ఆమెదేనని చెప్పింది. ఆమె దగ్గర కొన్నవాళ్ళ హక్కు కూడా ఆ పదహారేళ్ళూ ఆ తీర్పు కోసమే కాచుకుని ఉంది. ఇంట్లో ఆడమనిషికి జరిగే అన్యాయం కొనేవాళ్ళ గుమ్మం దాకా వస్తుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తర్వాత ఎన్‌టీ రామారావు ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు. దేశంలో మిగతా చాలా రాష్ట్రాలకన్నా ఎంతో ముందడుగు అది. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించదు. నా పెళ్ళి 1985 ఏప్రిల్‌లో, చెల్లెలిది 1988లో. ఒకే కడుపున పుట్టి, ఒకే గడప దగ్గర అమ్మకు దారం అందించిన మా ఇద్దరి మధ్య చట్టం ఒక గీత గీసింది. అయిదు నెలలు ఆగి పెళ్ళి చేసుకుని ఉంటే నేనూ హక్కుదారునే.

2005 సెప్టెంబర్ 9న కేంద్ర సవరణతో ఆ గీత చెరిగింది. 23వ సెక్షన్ కూడా పోయింది. అయినా, సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వాదన ఏళ్ళ తరబడి నడిచింది. మా నాన్న 1998లో పోయాడు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదని, తండ్రి బతికి ఉండనక్కర్లేదని తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలు, అమ్మకాలు మాత్రం నిలబడతాయి. మా ఇంట్లో పంపకమే జరగలేదు. నాన్న పోయాక ఇంటి పన్ను రసీదు తమ్ముడి పేరు మీదికి మారింది, అంతే. ప్రకటనలో ఉన్న క్లియర్ టైటిల్ ఆ రసీదే.

పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు. ఈసీ తీసి చూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా అందులో ఉండదు, వీలునామా ఉండదు. పుట్టుకతో వచ్చిన హక్కు అసలే ఉండదు. గల్ఫ్‌లో ఉన్న యజమాని ఇచ్చిన జీపీఏ ఒక్కదానితో ఇల్లు చేతులు మారదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త వెంచర్ల ప్రకటనల్లో అబద్ధం చెబితే పరిహారం అడగడానికి 2016 నాటి రెరా చట్టం ఉంది. చేతులు మారే పాత ఇంటికి అది పనికిరాదు. అమ్మేవాడు తనకు తెలిసిన లోపాన్ని దాచకూడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. అయితే ఏది లోపం? మన వాడుకలో ఆడపిల్ల వాటాయే లోపం. 'ఆ ఇంటికి ఆడబిడ్డల లొల్లి ఉంది' అంటారు. హక్కు లొల్లి అయిన చోట, ఆడబిడ్డలు నోరు మూసుకోవడాన్నే క్లియర్ టైటిల్ అంటారు.

మేం నోరు మూసుకున్న కారణాలు చట్టాల్లో లేవు. వాటా అడిగితే పుట్టిల్లు పోతుంది. కష్టమొస్తే వచ్చి పడుకునే చోటు, బతుకమ్మకు పిలుపు, పిల్లల పెళ్ళిళ్ళకు మేనమామ చీర, వీటన్నిటి ధర ఆ వాటా. 'పెండ్లికి పెట్టినంగద' అన్న మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తమ్ముడు చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళు ఎడారిలో ఒళ్ళు హూనం చేసుకున్నాడు. ఆ కష్టాన్ని ఎలా లెక్కగడతామో అమ్మ చాటనూ అలాగే లెక్కగట్టమని అడగడమే నా ఉద్దేశం.

చెల్లెలూ నేనూ మెట్‌పల్లి వెళ్ళాం. రాసి ఉంచిన దస్తావేజులో తమ్ముడు అమ్మకందారు, మేమిద్దరం సాక్షులం. మా ఇల్లు అమ్ముడుపోవడానికి మేం సాక్షులమా? హక్కు విడుదల పత్రమైనా ఇందుకన్నా మేలు, అందులో హక్కు ఉందని ముందు ఒప్పుకుంటారు. "సంతకం పెడతం, కాని అమ్మేటోళ్ళ కింద పెడతం" అంది చెల్లె. నాకన్నా ధైర్యవంతురాలు. గది చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. దస్తావేజు తిరగరాయడానికి రెండు వారాలు పట్టింది. తమ్ముడు ఆ రెండు వారాలూ మాట్లాడలేదు. వాటాల్లో అతనికి ఎక్కువ రాసేందుకు మేమే ఒప్పుకున్నాం. అది ఒప్పుకోవడానికైనా ముందు హక్కు మాదని రాయాలి కదా.

కొంటున్నది ఒక బడి పంతులమ్మ. సగం అప్పు, సగం పదేళ్ళ జీతం. ఆమె నన్ను పక్కకు పిలిచి, "అక్కా, ఎండకాలం బోరు ఎండుతదా? మీ ఇద్దరికి ఇష్టమేనా? రేపు ఏం లొల్లి రాదుగద?" అని అడిగింది. ఏప్రిల్ ఆఖరుకు బోరు సన్నబడుతుందని, మేం ముగ్గురం అమ్మకందారులుగా సంతకం పెడుతున్నాం కాబట్టి భయం లేదని చెప్పాను. "మరి మీ అమ్మగారింటి మీద మీ సంతకం ఎక్కడుంది?" అని అడిగాను. ఆమె నవ్వింది. పోయినేడు తమ్ముడి అప్పు కోసం ఆ ఇల్లు అమ్మారట. తనను సాక్షిగా పెట్టారట.