స్థూలకాయం

స్థూలకాయం (వాడుకలో ఊబకాయం) అంటే ఆరోగ్యానికి చేటు తెచ్చేంతగా ఒంట్లో కొవ్వు పేరుకోవడం. దీన్ని వ్యాధి అనాలా, వ్యాధులకు దారితీసే స్థితి అనాలా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2013లో వ్యాధిగానే గుర్తించింది. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక తరఫున నిపుణుల సంఘం ఒకటి మధ్యేమార్గం పట్టింది. కొవ్వు వల్ల అవయవాల పనితీరు ఇప్పటికే దెబ్బతిన్నవారికి ఉన్నది వ్యాధి అనీ, ఇంకా దెబ్బతిననివారికి ఉన్నది ముప్పు అనీ విడదీసింది. ఆస్పత్రుల్లో కనిపించే వాస్తవానికి ఈ విభజనే దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది.

మన వైద్య గ్రంథాల్లో దీని ప్రస్తావన పాతదే. చరక సంహిత కాలం మీద ఏకాభిప్రాయం లేదు. క్రీస్తు శకం 1, 2 శతాబ్దాల నాటిదన్న అంచనాకు మొగ్గేవారు ఎక్కువ. ఇప్పుడు లభిస్తున్న పాఠం ఆ తరవాత దృఢబలుడు అనే పండితుడు పూరించినది. అందులోని సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలత్వానికి కారణాలుగా తీపి, నెయ్యి, పగటి నిద్ర, వ్యాయామం లేకపోవడం, నిశ్చింతలతో పాటు బీజస్వభావాన్ని, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చినదాన్ని కూడా చేర్చింది. వంశపారంపర్యాన్ని అంత స్పష్టంగా గుర్తించిన ఆ అధ్యాయమే స్థూలకాయులను లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాల వరసలో కూర్చోబెట్టింది. కారణం తెలిసినా నింద తప్పకపోవడం అప్పటికే ఉంది.

కొలతలు

బెల్జియం గణాంకవేత్త అడోల్ఫ్ కెట్లే 1832 ప్రాంతంలో ఎత్తుకూ బరువుకూ ఉన్న నిష్పత్తిని లెక్కకట్టాడు. ఆయన వెతికింది సగటు మనిషి కొలతల కోసం. లావు ఆయన విషయం కాదు. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1972లో దానికి బాడీ మాస్ ఇండెక్స్ (బీఎంఐ) అని పేరు పెట్టాక డాక్టర్ల చేతికి వచ్చింది. కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. భారతీయులకు ఈ గీతలు సరిపోవు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఒంటినే ఉదాహరణగా చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే ఇక్కడి నిపుణులు 23 నుంచే హెచ్చరిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. సన్నగా ఉండి బొజ్జ మాత్రం పెరిగిన మనిషికి త్రాసు కంటే టేపే నిజం చెబుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీఎంఐ 25, ఆపైన ఉన్నవారు ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం. తెలంగాణలో స్త్రీలు 30.1, పురుషులు 32.3 శాతం. దేశం మొత్తానికి ఈ అంకెలు 24.0, 22.9. సుమారు పదిహేనేళ్ళ ముందు, 2005–06లో, దేశంలో ఇవి 12.6, 9.3 మాత్రమే. 23 గీత పెట్టి లెక్కిస్తే ఈ సంఖ్యలన్నీ ఇంకా పైకి పోతాయి. ఇదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది, 14.8 శాతం మంది ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నారు. లావును తిండి ఎక్కువైనవాళ్ళ సమస్య అని కొట్టిపారేసేవాళ్ళు 36.3, 58.8, 14.8 అనే ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. కడుపు నిండుతోంది, పోషణ అందడం లేదు.

ఎందుకు లావవుతారు

ఖర్చయ్యే దానికంటే తిన్నది ఎక్కువైతే కొవ్వు నిలవవుతుంది. ఇది కాదనేవారు లేరు. ఎందుకు ఎక్కువ తింటారు, ఒకే తిండి తిన్న ఇద్దరిలో ఒకరే ఎందుకు లావవుతారు అన్న దగ్గరే వాదాలు. కరువుకాలంలో కొవ్వు దాచుకోగలిగినవాళ్ళే బతికి బట్టకట్టారనీ, ఆ జన్యువులే ఇప్పుడు శాపమయ్యాయనీ జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్ 1962లో ప్రతిపాదించాడు. కరువుల్లో చనిపోయేది ఎక్కువగా పసివాళ్ళూ ముసలివాళ్ళూ కాబట్టి కరువు అలాంటి ఎంపిక చేసి ఉండదని జీవశాస్త్రవేత్త జాన్ స్పీక్‌మన్ ఆక్షేపించాడు. క్రూరమృగాల భయం పోయాక లావుకు అడ్డుకట్ట లేకుండా పోయిందన్నాడు. నీల్ వాదానికి ప్రచారం ఎక్కువ. ఈ వాదం మాత్రం ఇంకా తెగలేదు.

వంశపారంపర్యం పాత్ర ఉందనడానికి సాక్ష్యం గట్టిది. ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం 1986లో డెన్మార్క్‌లో దత్తతకు వెళ్ళిన 540 మందిని పరిశీలించింది. వాళ్ళ ఒంటి తీరు కన్నవాళ్ళ తీరుతో కలిసింది, పెంచినవాళ్ళతో కలవలేదు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోను జన్యువును కనుక్కుంది. కొవ్వు కణాలు ఈ హార్మోనును విడుదల చేసి, నిలవ ఎంత ఉందో మెదడుకు కబురు పెడతాయి.

ఈ కథలో హైదరాబాదుకు సొంత అధ్యాయం ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో తరాలుగా పెంచుతున్న విస్టార్ జాతి ఎలుకల్లో, ఎవరూ ఏ మార్పూ చేయకుండానే, కొన్ని పిల్లలు విపరీతంగా లావెక్కాయి. ఎన్.వి. గిరిధరన్ బృందం 1996లో వీటిని కొత్త జాతిగా ప్రకటించింది. ఈ ఎలుకలు కిలో దాటి బరువు పెరుగుతాయి. వాటి రక్తంలో లెప్టిన్ పుష్కలంగానే ఉంటుంది, మెదడు ఆ కబురు వినదు. అందుకే ఆకలి తీరక తింటూనే ఉంటాయి. వాటికి సంతానమూ కలగదు. ఎలుకను బద్ధకస్తురాలని ఎవరూ తిట్టరు. ఈ ఎలుకల్లో లాగా ఒక్క జన్యులోపం వల్లే లావయ్యే మనుషులు అరుదు. మిగతావాళ్ళలో ఎన్నో జన్యువులు తలా కొంచెం బరువు మోస్తాయి. 2007లో బయటపడిన ఎఫ్‌టీఓ జన్యువులోని ఒక రకం ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ వచ్చినవాళ్ళు సగటున 3 కిలోలు ఎక్కువ తూగుతారు.

జన్యువులు పదిహేనేళ్ళలో మారవు కదా, మరి ఈ పెరుగుదల ఎక్కడిది అన్న ప్రశ్నకు మన దగ్గరి మంచి సమాధానం 2010లో ప్రచురితమైన ఇండియన్ మైగ్రేషన్ స్టడీ. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీలలో పనికి వచ్చి స్థిరపడ్డవారినీ, పల్లెలోనే ఉండిపోయిన వాళ్ళ తోబుట్టువులనూ పోల్చారు. పురుషులలో బీఎంఐ 25 దాటినవారు పల్లెలో 19.0 శాతం, వలస వచ్చినవారిలో 37.8, పట్నంలోనే పుట్టిపెరిగినవారిలో 41.9. మధుమేహం పల్లెలో 6.2 శాతం, వలసవారిలో 14.3. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళ మధ్య ఇంత తేడాకు పట్టుదల లేకపోవడం కారణమనడం కుదరదు. తిండీ, పనీ, ప్రయాణమూ మారాయి.

తిండి విషయంలో కొవ్వు తప్పా, పిండిపదార్థం తప్పా అన్న పాత పోట్లాట కంటే ఎంతవరకు ఫ్యాక్టరీలో తయారైందన్నది ముఖ్యమని ఇటీవలి పరిశోధన సూచిస్తోంది. 2019లో ప్రచురితమైన ప్రయోగంలో పరిశోధకుడు కెవిన్ హాల్ 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టాడు. రెంటిలోనూ చక్కెర, కొవ్వు, పీచు సమానమే, తినగలిగినంత తినమన్నాడు. ప్యాకెట్ తిండి తిన్నప్పుడు వాళ్ళు రోజుకు సుమారు 500 కిలోకేలరీలు ఎక్కువ తిన్నారు. చిన్న ప్రయోగమే, అయినా పద్ధతి పకడ్బందీగా ఉంది. ఇవి కాక స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు, నిద్రలేమి, పీసీఓఎస్ అనే అండాశయ సమస్య కూడా బరువు పెంచుతాయి. థైరాయిడ్ వాటా జనం అనుకునే దానికంటే తక్కువ.

మనసు మీద

మన ఇళ్ళలో ఒంటి మీద వ్యాఖ్య పలకరింపులో భాగం. సన్నబడితే 'చిక్కిపోయావేంటి, తినడం లేదా' అంటారు, అందులో ఆప్యాయత ఉంటుంది. 'బాగా ఒళ్ళు చేశావే' అన్నది ఒక తరం ముందు మెచ్చుకోలు. పెళ్ళిళ్ళలో అదే మాట విన్న అమ్మాయి ఇప్పుడు ఫొటోలో వెనక వరసకు వెళ్తుంది. పెళ్ళిచూపుల దగ్గర ఈ బరువు ఆడపిల్లల మీదే ఎక్కువ పడుతుంది. కాన్పు తరవాత పెరిగిన బరువుకు తల్లినే తప్పుపట్టే అత్తిళ్ళూ పుట్టిళ్ళూ ఉన్నాయి. బళ్ళో లావుపాటి పిల్లవాడికి పెట్టిన పేరు కాలేజీ దాకా వెంట వస్తుంది. తెలుగు సినిమా లావు మనిషిని దశాబ్దాలుగా హాస్యానికే వాడుకుంది. 2015లో వచ్చిన 'సైజ్ జీరో' కోసం నటి అనుష్క నిజంగానే బరువు పెరిగి, లావైన అమ్మాయిని కథానాయికగా నిలబెట్టడం అరుదైన మినహాయింపు.

సిగ్గుపరిస్తే తగ్గుతారన్న నమ్మకం తప్పని కొలిచి చూపారు. లండన్‌లోని యూసీఎల్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 2,944 మందిని నాలుగేళ్ళు గమనించారు. బరువు కారణంగా చులకనకు గురయ్యామన్నవారు సగటున 0.95 కిలో పెరిగారు, అలాంటిది లేదన్నవారు 0.71 కిలో తగ్గారు. స్థూలకాయం ఉంటే కుంగుబాటు ముప్పు 55 శాతం, కుంగుబాటు ఉంటే స్థూలకాయం ముప్పు 58 శాతం ఎక్కువని 2010 నాటి సమీక్ష ఒకటి లెక్కగట్టింది. ఏది ముందు అన్న ప్రశ్నకు రెండూ అన్నదే సబబైన జవాబు. మోకాలి నొప్పికి వెళ్ళినా, జ్వరానికి వెళ్ళినా ముందు బరువు తగ్గి రమ్మనే డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్ళడానికి చాలామంది జంకుతారు. ఆ ఆలస్యంలో ఇతర జబ్బులు ముదురుతాయి.

చికిత్స

బరువు తగ్గినవారి శరీరం ఆకలి పెంచి, ఖర్చు తగ్గించి పాత బరువుకు చేరాలని చూస్తుంది. అమెరికా టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరవాత పరీక్షిస్తే (2016లో ప్రచురితం), చాలామంది మళ్ళీ లావయ్యారు. విశ్రాంతిలో వాళ్ళ శరీరం ఖర్చుచేసే శక్తి, ఉండాల్సిన దానికంటే రోజుకు సుమారు 500 కిలోకేలరీలు తక్కువగా ఉంది. బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే శస్త్రచికిత్స) ఫలితం ఎక్కువకాలం నిలుస్తుంది. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు 2025లో బరువు తగ్గించే మందులుగా భారత మార్కెట్లోకి వచ్చాయి. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు తయారీదారు ప్రయోగంలోనే తేలింది. బీపీ మాత్రలు ఆపితే బీపీ పెరగడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. దీన్ని రోగి క్రమశిక్షణా లోపంగా కేసు షీటులో రాయడం వైద్యపరంగా తప్పు.