ఇల్లు, అప్పు, ఎయిడ్స్: తొర్రూరు వైపు నుంచి ఒక లెక్క

హోమ్ లోన్ తీసుకునేటప్పుడు మనలో చాలామంది చదవకుండా సంతకం పెట్టే కాగితం ఒకటుంది. అప్పు కట్టేవాడు మధ్యలో పోతే మిగిలిన బాకీ ఇన్స్యూరెన్స్ కంపెనీ తీరుస్తుంది, ఇల్లు కుటుంబానికి మిగులుతుంది. ఆ కాగితంలోనే "నాకు తీవ్రమైన జబ్బులేవీ లేవు" అని ఒక డిక్లరేషన్ కూడా ఉంటుంది. మనం టిక్కు పెట్టేసి టీ తాగడానికి పోతాం. మరి ఆ టిక్కు పెట్టలేని మనిషి సంగతేంటి?

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద వర్ధన్నపేట, రాయపర్తి దాటితే తొర్రూరు వస్తుంది (2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా). అలాంటి చోట్ల ఈ ప్రశ్న పెద్దగా ఎవరూ అడగలేదు. ఎందుకంటే అక్కడ బ్యాంకు హోమ్ లోన్ అన్నదే ఉద్యోగస్తుల వ్యవహారం. మిగతావాళ్ళు చిట్టీ ఎత్తి, బంగారం కుదువబెట్టి, మిత్తికి తెచ్చి గోడలు లేపుతారు. మనిషి పోతే ఆ అప్పు తీర్చే ఇన్స్యూరెన్సేదీ ఉండదు. అది భార్య మెడకి చుట్టుకుంటుంది.

మన దేశంలో హెచ్ఐవీ మొదటిసారి 1986లో మద్రాసులో బయటపడింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 15-49 ఏళ్ళ వాళ్ళలో 0.97 శాతం మందికి వైరస్ ఉందని తేలింది. అంటే దాదాపు వందకి ఒకరు. ఆ వయసు చూడండి. ఇల్లు కట్టుకునే వయసూ అదే, కిస్తీలు కట్టే వయసూ అదే.

ఇప్పుడు ఇన్స్యూరెన్సువాడి వైపు నుంచి ఆలోచిద్దాం. 2000 ప్రాంతంలో మూడు మందుల చికిత్సకి ఏడాదికి మనిషికి పదివేల డాలర్ల పైనే అయ్యేది. 2001 ఫిబ్రవరిలో సిప్లా హమీద్ గారు దాన్ని 350 డాలర్లకి ఇస్తానన్నాడు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం కొన్ని ఆసుపత్రుల్లో ఉచితంగా మందులివ్వడం మొదలెట్టింది, మన రాష్ట్రం కూడా అందులో ఉంది. అంతకుముందు ఇరవై ఏళ్ళ అప్పుకి హెచ్ఐవీ ఉన్న మనిషిని కవర్ చెయ్యమంటే ఏ యాక్చురీ అయినా తల అడ్డంగా ఊపేవాడే, అందులో దుర్మార్గం ఏమీ లేదు. కానీ మందు వచ్చాక లెక్క మారింది. వేళకి మందులేసుకునే మనిషి ఇవాళ దాదాపు అందరిలాగే బతుకుతున్నాడు. 2017 నుంచైతే పాజిటివ్ అని తేలగానే చికిత్స మొదలుపెట్టాలన్నది ప్రభుత్వ విధానం. లెక్క మారినా ఫారం మారడానికి చాలాకాలం పట్టింది, నాకు కోపమొచ్చేది అక్కడ!

చట్టం సంగతికొస్తే, 1995లోనే సుప్రీంకోర్టు ఎల్ఐసీ కేసులో ఒక మాట తేల్చింది. ఒక టర్మ్ పాలసీని జీతగాళ్ళకే ఇస్తామనడం రాజ్యాంగానికి విరుద్ధం అని. అది హెచ్ఐవీ కేసు కాదు గానీ, ఇన్స్యూరెన్స్ కూలివాడికీ అందాలన్న మాట అక్కడ గట్టిగా పడింది. 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలైన హెచ్ఐవీ చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. యాక్చురీల అధ్యయనం ఆధారం లేకుండా హెచ్ఐవీ ఉందని ఇన్స్యూరెన్స్ నిరాకరించకూడదు. ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కు కూడా రాశారు, మొగుడు పోగానే అత్తింటివాళ్ళు బయటికి గెంటే ఆనవాయితీ తెలిసినవాళ్ళెవరో రాసుంటారు.

అన్నట్టు, చనిపోయినవాడి అప్పుకి వారసులు అతని ఆస్తి మేరకే బాధ్యులు. 2005 సెప్టెంబర్ 9 తర్వాత చేసిన అప్పులకి "కొడుకు ధర్మం" పేరుతో కొడుకు మీద పడే వీలు కూడా లేదు. వినడానికి బావుంది కదా? కాకపోతే ఆ ఆస్తి అంటేనే ఇల్లు. తాకట్టు మనిషితో పాటు చచ్చిపోదు. బాకీ లక్ష దాటితే సర్ఫేసీ చట్టం కింద కోర్టుకి పోకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోవచ్చు.

దక్షిణాఫ్రికాలో దీన్ని వేరే దారిలో చూశారు. తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళ అప్పులకి బ్యాంకులకి హామీ ఉండే హోమ్ లోన్ గ్యారంటీ కంపెనీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఎయిడ్స్ రిస్కుని కూడా తన లెక్కలోకి తెచ్చుకుంది. మందు అందితే మనిషి పనికి పోతాడు, పనికి పోతే కిస్తీ వస్తుంది. నాకైతే ఇది దయ కన్నా మంచి వ్యాపారంలాగే కనిపిస్తుంది.

మన దగ్గర పేదల ఇల్లు ప్రభుత్వం చేతిలో పడింది. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళలో సబ్సిడీతో పాటు అప్పూ ఉండేది. తెలంగాణ వచ్చాక, 2015 డబుల్ బెడ్రూం పథకంలో లబ్ధిదారు మీద అప్పు లేదు, 2024 ఇందిరమ్మ ఇళ్ళకిచ్చే 5 లక్షలు కూడా గ్రాంటే. అప్పే లేకపోతే దాన్ని కాపాడే గొడవా లేదు. కానీ అది లిస్టులో పేరొచ్చినవాళ్ళకి. పేరు రానివాళ్ళు మళ్ళీ మిత్తి దగ్గరికే పోవాలి.

వాళ్ళకి ఇవాళ చేతికందే కవర్ 2015లో వచ్చిన జీవన జ్యోతి పాలసీ. వైద్య పరీక్ష లేదు, ఏడాదికి 436 రూపాయలు, పోతే 2 లక్షలు. గోడల అప్పు మొత్తం తీరకపోవచ్చు గానీ వడ్డీ పెరగకుండా ఆపుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి పింఛను ఉంది, ఆసరా పేరుతో 2014లో వెయ్యితో మొదలై 2019లో 2016 రూపాయలైంది. దాంట్లోంచి ఆ 436 పక్కన పెట్టడం కష్టమేమీ కాదు.

కష్టం ఇంకోచోట ఉంది. పింఛనుకైనా, ఏ కాగితానికైనా ముందు జబ్బు పేరు ఎవరో ఒకరి ముందు చెప్పాలి. చట్టం ఆ వివరాన్ని గుట్టుగా ఉంచమంటుంది, ఊరు ఉంచదు. మందులకోసం దగ్గర్లో ఎవరైనా చూస్తారని యాభై కిలోమీటర్లు బస్సెక్కి వరంగల్ ఎంజీఎంకి పోయే మనిషి, ఊళ్ళో బ్యాంకు కౌంటర్ దగ్గర ఆ మాట ఎలా అంటాడు?