ఉత్తర కరేలియా పథ్యము

పథ్య మనగానే మన యిండ్లలో రోగి మంచము, పలుచని చారు, బీరకాయకూర జ్ఞప్తికి వచ్చును. ఒడలు కుదుటబడిన మరునాడే దానిని విడిచిపెట్టుట మన యాచారము. కాని సంస్కృతమున నీ పదము ‘పథ’ శబ్దమునుండి పుట్టినది. దారికి తగినది, దారి తప్పింపనిది పథ్యము. అనగా నది రోగికి విధించిన శిక్ష కాదు. ఆరోగ్యవంతుడు నడువవలసిన బాట. ఈ యర్థమును ఒక మండలమువారు తమ వంటయిండ్లలో సార్థకము చేసికొన్న చరిత్ర యొకటి కలదు. అది మనకు మిక్కిలి దూరమున, ఉత్తర ఐరోపాలోని ఫిన్లండు దేశమున జరిగినది.

ఆ దేశపు తూర్పుటంచున, రష్యా సరిహద్దు నానుకొని, ఉత్తర కరేలియా యను మండలము కలదు. అడవులు, సరస్సులు, దీర్ఘమైన శీతకాలము. 1970 ప్రాంతమున నచ్చటి జనసంఖ్య సుమారు 1,80,000. అడవులలో మ్రాకులు నరకుచు, చిన్న కమతములలో పాడి చేసికొనుచు బ్రదుకు బలిష్ఠులు వారు. అట్టివారే నలువది, ఏబది యేండ్ల ప్రాయమున గుండెపోటుతో కూలిపోవుచుండిరి. అమెరికా దేశీయుడగు ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 1958లో నారంభించి, ఏడు దేశములలో 40 మొదలు 59 ఏండ్లవరకు వయస్సుగల పురుషులను పరీక్షింపజేసెను. గ్రీసు దేశపు క్రీటు ద్వీపమున హృద్రోగమరణములు మిక్కిలి తక్కువగను, తూర్పు ఫిన్లండున నన్నిటికంటె నెక్కువగను కానవచ్చెను.

దేహశ్రమ చేయువారి కీ గతి యేల పట్టెను? యుద్ధకాలమున కరవు చూచిన యా ప్రజలకు, తరువాత పాడి పెరుగుటతో, వెన్న సమృద్ధికి గురుతయ్యెను. నూటికి 90 మంది రొట్టెపై వెన్ననే పూసికొనెడివారు. త్రాగునవి మీగడ తీయని పాలు. తినునది క్రొవ్విన మాంసము. ఉప్పు విస్తారము, కూరగాయలు స్వల్పము. పురుషులలో సగము మంది పొగ త్రాగువారు. ఇట్టి క్రొవ్వు రక్తమున కొలెస్టరాలును పెంచును. అది గుండెకు రక్తము చేర్చు నాళములలో పేరుకొని దారి నిరుకు చేయును. ప్రేమతో వడ్డించిన గృహిణి చేతినుండియే భర్తకు ముప్పు వచ్చుచుండెను. ఆమె కది తెలియదు.

1971 జనవరిలో ఆ మండలపు ప్రతినిధులు తమను కాపాడుమని ప్రభుత్వమునకు విజ్ఞాపన పంపిరి. 1972లో పనియారంభ మయ్యెను. దానికి నాయకుడు పెక్కా పుస్కా; ముప్పదియేండ్లైన నిండని వైద్యుడు. ఫలితమును పోల్చి చూచుటకు పొరుగున నున్న కువోపియో మండలమును గైకొనిరి.

కరపత్రములు పంచి, యుపన్యాసము లిచ్చి యూరకున్నచో పని జరుగదని నిర్వాహకులు గ్రహించిరి. ఆ దేశమున 1899లో స్థాపింపబడిన మార్తా సమాజ మను గృహిణుల సంఘము గ్రామగ్రామమున నుండెను. దాని సహాయమున ‘దీర్ఘాయువు విందులు’ జరిపిరి. స్త్రీలు తమ పూర్వపు వంటకములనే క్రొవ్వును, ఉప్పును తగ్గించి, దుంపలు, క్యారట్లు చేర్చి వండిరి. అందరును కలిసి భుజించిరి. పిదప వైద్యుడు నాలుగు మాటలు చెప్పెను. ఇచ్చట పాఠముకంటె రుచి ముందు వచ్చినది. వంట చేయువారిని నిందింపక, వారినే యుపాధ్యాయినులుగా చేసికొనుట యీ యుద్యమమునకు ప్రాణము.

అయినను వెన్న వలదన్నచో పాడిరైతు బ్రదుకుట యెట్లు? వారు తీవ్రముగ నెదిరించిరి. వారి కోపము నన్యాయమనరాదు. 1980లలో బెర్రీ పండ్ల సాగును ప్రోత్సహించు ప్రయత్నము జరిగెను. కొందరు రైతు లందు ప్రవేశించిరి. చలిదేశమున పండదగిన రేప్‌సీడు అను ఆవజాతి మొక్కనుండి వంటనూనె సిద్ధమయ్యెను. మీగడ తీసిన పాలు అంగళ్లకు వచ్చెను. ఉపదేశమునకు తోడు సరుకును దొరకినప్పుడే ఆచరణము సుకర మయ్యెను.

1972 మొదలు 2012 వరకు గడచిన నలువదేండ్లలో తూర్పు ఫిన్లండున పని చేయు వయస్సుగల పురుషులలో హృద్రోగమరణములు నూటికి 80కి పైగా తగ్గెను. ఇది యంతయు భోజనమహిమయే యనుట సత్యము కాదు. పొగ మానుట, రక్తపుపోటును అదుపులో నుంచుట, క్రొత్త చికిత్సలు గూడ తోడ్పడెను. పొరుగు మండలమునను మరణములు తగ్గినందున, ఏది యెంతవరకు కారణమని పండితులలో వాదము నడచెను. కాని కొలెస్టరాలు తగ్గుటయే ఆ మేలులో పెద్దపాలని పరిశోధకుల నిర్ణయము.

మనము వారి రొట్టెను, బెర్రీలను తెచ్చుకొన నక్కరలేదు. వారి పద్ధతిని తెచ్చుకొనవలెను. మనకు ముప్పు వెన్నతో మాత్రమే రాదు. ఊరగాయలు, అప్పడములు, వడియములు, మరల మరల కాచిన నూనె మన పంక్తిలో నున్నవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన నియమములలో, దినమునకు ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని యున్నది. ఈ లెక్క ఊరగాయలోని యుప్పును గూడ కలుపుకొన్నదే.

మన యిండ్లలో వైద్యుడు యజమానితో మాటలాడును. వంట చేయు నిల్లా లా మాటలు వినదు. ఆయన యింటికి వచ్చి, “ఇక నాకు వేరే వండుము” అనును. ఆమెకు రెండు వంటలు, రెట్టింపు శ్రమ. కూర చప్పగా నున్న దన్న నింద గూడ నామెదే. పిల్లలు మాత్రము పాతరుచులనే నేర్చుకొని, తండ్రి రోగమునకే సిద్ధపడుచుందురు. ఇది పథ్యము కాదు. వైద్యునియొద్దకు దంపతు లిరువురును పోవలెను. ఇంటిల్లిపాదికి నొక్కటే వంట కావలెను. పురుషులు తామును కూరలు తరిగి, పొయ్యియొద్ద నిలిచి, తగ్గిన యుప్పునకు నాలుకను తామే యలవరచుకొనవలెను. ఈ వారము ఏ దినమున నెంత యుప్పు, ఎంత నూనె వాడితిమో ఆలుమగలు కలిసి కొలిచి చూతురేని, చదువు వంటయింట నారంభమైనట్లే.