గొట్టంలో మిగిలిపోయే సీసం: కౌబాయ్ రైఫిల్ చెప్పని కథ

పాత కౌబాయ్ సినిమాలు చూసే ఉంటారు. హీరో రైఫిల్ కింద ఉన్న లీవర్‌ని కిందకి తోసి, మళ్లీ పైకి లాగుతాడు. ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది, కొత్తది లోపలికి వెళ్తుంది. అదే లీవర్ యాక్షన్ రైఫిల్. మరి అన్నిసార్లు కాల్చాక ఆ గొట్టం లోపల ఏం మిగులుతుంది? సినిమా అది చూపించదు. ఈరోజు మన కథ అదే.

1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ అనే అమెరికన్ పేటెంట్ తీసుకున్న రైఫిల్‌తో ఈ రకానికి పేరొచ్చింది. తర్వాత వించెస్టర్ కంపెనీ 1873 మోడల్ వచ్చింది. దాని తూటా పేరు 44-40. ఇందులో 40 అంటే 40 గ్రెయిన్ల నల్లమందు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. బుల్లెట్ బరువు 200 గ్రెయిన్లు, దాదాపు 13 గ్రాములు. సీసంలో కొంచెం తగరం కలిపి, కరిగించి, అచ్చులో పోయడమే. ఆ అచ్చుల్ని కంపెనీయే అమ్మేది. బుల్లెట్ అడుగు చదునుగా ఉండేది, రాగి తొడుగు లాంటిదేం లేదు.

సమస్య ఏంటంటే, సీసం మెత్తన. 327 డిగ్రీలకే కరుగుతుంది. గొట్టం లోపల బుల్లెట్‌ని తిప్పడానికి మెలికల గాడులు ఉంటాయి. సీసం వాటికి పూతలా అంటుకుంటుంది. దీన్నే లెడింగ్ అంటారు. గాడులు పూడిపోతే బుల్లెట్ సరిగ్గా తిరగదు, గురి పోతుంది.

మరి 1873 రైఫిల్‌కి అది ఎందుకు పనిచేసింది? మొదటిది, వేగం తక్కువ, సెకనుకు దాదాపు 400 మీటర్లు. రెండోది, గాడుల మెలిక నిదానం, 36 అంగుళాలకి ఒక చుట్టు. మూడోది, బుల్లెట్ చుట్టూ గాడుల్లో కొవ్వు, మైనం లాంటివి నింపేవారు. నాలుగోది అసలు కిటుకు. నల్లమందు పేలిన దెబ్బకి మెత్తటి బుల్లెట్ అడుగు ఉబ్బి, గొట్టాన్ని బిరడాలా మూసేసేది.

కొవ్వు అనగానే మనకి 1857 గుర్తొస్తుంది కదా. ఎన్‌ఫీల్డ్ లీవర్ రైఫిల్ కాదు, మూతి నుంచి మందు కూరే తుపాకీ. కానీ సీసం బుల్లెట్ సాఫీగా దిగాలని, మసి గట్టిపడకూడదని దాని తూటాకీ కొవ్వు పూశారు. ఆ కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానంతో మీరట్‌లో 85 మంది సిపాయిలు తూటాలు ముట్టనన్నారు. మే 10న తిరుగుబాటు మొదలైంది. గొట్టం శుభ్రంగా ఉంచే చిన్న అవసరం ఎంత దూరం వెళ్లిందో చూడండి.

మళ్లీ అమెరికాకి వద్దాం. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ 1894 మోడల్‌కి, 1895లో పొగరాని మందుతో 30-30 తూటా వచ్చింది. వేగం సెకనుకు దాదాపు 600 మీటర్లు. మెలిక 12 అంగుళాలకే ఒక చుట్టు. ఇక్కడ చదును అడుగు సీసం చేతులెత్తేసింది. రాగి మిశ్రమం తొడుగు వేసిన బుల్లెట్లు రాజ్యమేలాయి.

అయినా ఇంట్లో బుల్లెట్లు పోసుకునేవాళ్లు సీసాన్ని వదల్లేదు. చాలామంది, సీసం కరిగిపోతోంది కాబట్టి ఇంకా గట్టిది కావాలి అనుకున్నారు. పాత ప్రెస్సుల్లో అచ్చు అక్షరాలు పోసే లోహం ఉంటుంది కదా, సీసం, తగరం, యాంటిమొనీ కలిపింది, అది వాడారు. కొన్నిసార్లు లెడింగ్ ఇంకా పెరిగింది!

ఎందుకు? గట్టి బుల్లెట్ ఉబ్బదు. అది గొట్టం కంటే వెంట్రుకవాసి సన్నగా ఉన్నా, పక్కనుంచి వేడి గ్యాస్ దూసుకెళ్లి సీసాన్ని కోసి గోడలకి పూస్తుంది. అందుకే 20వ శతాబ్దం మొదట్లో బుల్లెట్ అడుక్కి చిన్న రాగి మూత తొడిగారు. దాని పేరే గ్యాస్ చెక్. ఆపాల్సింది ఏంటో పేరులోనే ఉంది.

ఆ మూత కూడా లేకుండా చదును అడుగు బుల్లెట్ కాల్చాలంటే పాత పద్ధతే దారి. గాడుల కొలత కంటే అంగుళంలో వెయ్యోవంతు, రెండు వంతులు లావున్న బుల్లెట్, మరీ గట్టి కాని సీసం, మంచి గ్రీజు, ఓ మోస్తరు వేగం. పాత గొట్టాల కొలతలు అన్నీ ఒకేలా ఉండవు కాబట్టి ముందు గొట్టాన్ని కొలవాలి.

ఇన్నేళ్లూ నింద సీసం మెత్తదనం మీద పడింది. చాలాసార్లు అసలు దొంగ మాత్రం బుల్లెట్‌కీ గొట్టానికీ మధ్య ఉన్న సందు. 1873లో ఆ సందు మూసింది సీసం మెత్తదనమే అన్నమాట.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.