శ్రీకాకుళం కరకట్ట మీద

సంక్రాంతి సెలవులకు కుటుంబమంతా శ్రీకాకుళం వెళ్ళాము. ఉత్తరాంధ్ర పట్టణం కాదు సుమా, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డునున్న ఊరు. ఆంధ్ర మహావిష్ణువు దర్శనమయ్యాక కరకట్ట ఎక్కి నడిచాము. ఎత్తుపల్లాలు లేని దారి. ఆరేళ్ళ మా అమ్మాయి సైతం ఎత్తుకోమనలేదు.

కళింగంపై దండెత్తుతూ వచ్చిన రాయలవారు ఇక్కడ హరివాసరం నాడు ఉపవసించి, నాలుగవ యామంలో కలగన్నానని ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకున్నారు. తెనుగున కావ్యం చెప్పమన్న ఆజ్ఞ ఆ కలలోనిదే. "రాజుగారు ఏ రేవులో స్నానం చేశారు?" అని మావాడడిగాడు. ఏం చూపను? నది నిలిచిన చోట నిలుస్తుందా! క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న కంటకస్సిల రేవు ఘంటసాలేనని పండితులంటారు. నేడక్కడ బౌద్ధస్తూపపు ఆనవాళ్ళున్నాయి గాని, ఓడ తేలే నీరు లేదు.

మా అమ్మకు ఈ చరిత్ర పట్టలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ఆమెది పన్నెండేళ్ళ వయసు, ఊరు దివిసీమలో. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలిన రాత్రి కూడా ఆమె నిద్రపోలేదు. ఇప్పుడు కట్ట కింద కనిపిస్తున్నవి ఇసుకతిన్నెలే. అయినా దారి పొడుగునా పిల్లలతో ఒకటే మాట: "ఊరి వైపున నడవండర్రా!"