'ఎరో' – 'ఉండును': నిర్గమకాండము 3వ అధ్యాయములో ఒక క్రియ ప్రయాణము

లాటిను భాషలో సాధారణ క్రియల భవిష్యత్కాలమునకు రెండు పద్ధతులున్నాయి. 'అమో' (ప్రేమిస్తున్నాను) 'అమాబో' అవుతుంది. 'రెగో' (ఏలుచున్నాను) 'రెగమ్' అవుతుంది. నియమము తప్పిన క్రియలలో 'వెళ్లు' అనునది మొదటి పద్ధతిలో 'ఈబో' అయింది. 'మోయు' రెండవ పద్ధతిలో 'ఫెరమ్' అయింది. 'ఉండు' అను క్రియ ఈ రెండింటిలోనూ చేరదు. దానికి వర్తమానములో 'సుమ్', భవిష్యత్తులో 'ఎరో'. ఇప్పటి మాటో, రేపటి మాటో లాటినులో వ్రాసేవాడు తేల్చుకోవలసిందే.

నిర్గమకాండము 3:12లో దేవుడు మోషేకు తోడుంటానని వాగ్దానము చేశాడు; 3:14లో తన పేరు చెప్పాడు. హెబ్రీలో రెండు చోట్లా ఉన్నది 'ఎహ్యె' అను ఒకే క్రియారూపము. అది ఒక్క కాలమునకే కట్టుబడినది కాదు. క్రీ.శ. 390–405 మధ్య హెబ్రీ నుండి అనువదించిన జెరోము 12వ వచనములో 'ఎరో' అనీ, 14లో 'సుమ్' అనీ వ్రాశాడు. గ్రీకు సెప్టువజింతు కూడా అంతకుముందే అలాగే విడదీసింది. రెండవ శతాబ్దపు అకిల మాత్రం గ్రీకులో 14వ వచనమునకు కూడా భవిష్యత్తునే వాడాడు. వల్గేటు మాత్రమే చదివిన పాశ్చాత్య సంఘానికి వాగ్దానమూ పేరూ ఒకే మాట అని వినబడలేదు.

లాటిను చదువు మన భాష దాకా వచ్చింది. 1728లో మద్రాసులో బెంజమిన్ షుల్జ్ తెలుగు వ్యాకరణమును లాటినులోనే వ్రాశాడు. ఆయన చేసిన తెలుగు బైబిలు అనువాదము అచ్చు కాలేదు. నేడు మన చేతిలోనున్న తెలుగు బైబిలు 12వ వచనములో 'తోడైయుందును' అంటుంది. 14లో మొదట 'ఉన్నవాడను' అన్నా, చివర 'ఉండుననువాడు' అని పేరు చెబుతుంది. ఉందును, ఉండును – పురుష మారింది గాని రూపము ఒక్కటే. లాటినులో విడిపోయిన వాగ్దానమూ పేరూ ఇక్కడ తిరిగి కలిశాయి.

ఈ తెలుగు రూపము 'ఎరో'కు సమానము కాదు. మా చిట్యాలలో "రేపు ఇంట్లనే ఉంట" అంటారు, "రోజూ ఇంట్లనే ఉంట" అని కూడా అంటారు. 'ఉంట' మారదు, కాలమును చెప్పేది పక్కనున్న మాట.

నేను చాలాకాలము 3:12ను రాబోయే సహాయముగానే ప్రసంగించాను. ఒకసారి కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి, "దేవుడు తోడుంటడన్నరు గద అయ్యగారూ, ఎప్పటిసంది?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆమె పలికిన 'ఉంటడు' అను మాటలో రేపు ఎంత ఉందో, ఈ రోజూ అంతే ఉంది. ఆదరణ ప్రసంగము సిద్ధపరచేటప్పుడు 12, 14 వచనములను కలిపి చదవమని నా తోటి సేవకులకు మనవి.